కమిషన్ పరిధిని జీవో గీస్తుంది, మరి పత్రిక పరిధిని ఎవరు గీస్తారు?

పాతడెస్కు:
విచారణ కమిషన్ ఏం తేల్చాలో ప్రభుత్వమే జీవోలో రాస్తుంది. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం ఇచ్చిన అధికారం అది, దాంతో నాకు పేచీ లేదు. జీవోలో లేని ప్రశ్నను మన పత్రికలు కూడా ఎందుకు వదిలేస్తున్నాయన్నదే నా బాధ.

2024 మార్చిలో తెలంగాణలో రెండు కమిషన్లు వేశారు. కాళేశ్వరం ప్రాజెక్టులోని మేడిగడ్డ, అన్నారం, సుందిళ్ల బ్యారేజీల మీద జస్టిస్ పినాకి చంద్ర ఘోష్. ఛత్తీస్‌గఢ్ కరెంటు కొనుగోలు, భద్రాద్రి, యాదాద్రి థర్మల్ కేంద్రాల మీద జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి. బ్యారేజీల కమిషన్ గురించి నేను చదివినదంతా ఎవరిని పిలిచారు, ఎన్ని గంటలు అడిగారు, బయటికొచ్చి ఏమన్నారు అన్నదే. 2022 జులై వరదలో అదే ప్రాజెక్టు కన్నేపల్లి, అన్నారం పంపుహౌస్‌లు మునిగాయి. విచారణాంశం మూడు బ్యారేజీలైతే ఆ మునక సంగతి ఎవరు అడగాలి? కమిషన్‌కు హద్దుంది. విలేకరికి లేదు కదా.

కోర్టుహాలు:
అన్నా, హద్దు ఉండాల్సిందే. చట్టంలోనే ‘నిర్దిష్టమైన ప్రజా ప్రాముఖ్యం గల అంశం’ అని ఉంది. అదుపు లేకుండా విస్తరిస్తే అది విచారణ కాదు, వేట అవుతుంది. 8బి సెక్షన్ ఉన్నది అందుకే: ఎవరి పేరు చెడే అవకాశం ఉందో వాళ్లకు చెప్పుకునే వీలివ్వాలి. పత్రిక వార్తకు 8బి ఎక్కడుంది?

కరెంటు కమిషన్ సంగతే చూడండి. విచారణ సాగుతుండగానే చైర్మన్ మీడియా సమావేశం పెట్టి మాట్లాడారు. కేసీఆర్ హైకోర్టుకెళ్తే 2024 జులై 1న పిటిషన్ కొట్టేశారు. సుప్రీంకోర్టు మాత్రం జులై 16న ఆ మాటలను తప్పుబట్టి, చైర్మన్‌ను మార్చమంది. జస్టిస్ మదన్ బి. లోకుర్ వచ్చారు. మైకు ముందు అన్న నాలుగు మాటలకే అంత దూరం వెళ్లింది. ఇక రోజూ రాసే వాళ్లెంత జాగ్రత్తగా ఉండాలి?

థేమ్స్‌తీరం:
లండన్‌లో ఉంటాను కాబట్టి ఇక్కడిది ఒకటి చెప్తాను. ఇరాక్ ఆయుధాల మీద ప్రభుత్వం ఇచ్చిన పత్రాన్ని బలంగా కనబడేలా మార్చారని 2003 మేలో బీబీసీ విలేకరి ఆండ్రూ గిల్లిగన్ చెప్పారు. ఆ సమాచారం వెనక ఉన్న శాస్త్రవేత్త డేవిడ్ కెల్లీ జులైలో చనిపోయారు. న్యాయమూర్తి లార్డ్ హట్టన్‌కు విచారణకు అప్పగించింది ఆ మరణం చుట్టూ ఉన్న పరిస్థితులు మాత్రమే. నిఘా సమాచారం నమ్మదగినదేనా అన్నది తన పరిధి కాదని ఆయన పక్కన పెట్టారు. 2004 జనవరి 28న బీబీసీని తప్పుబడుతూ నివేదిక రాగానే బీబీసీ చైర్మన్, డైరెక్టర్ జనరల్, చివరికి గిల్లిగన్ కూడా పదవులు వదులుకున్నారు. అసలు ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది. దానికి అదే ఏడాది బట్లర్ సమీక్ష, తర్వాత చిల్‌కాట్ విచారణ కావాల్సి వచ్చాయి. చిల్‌కాట్ నివేదిక 2016 జులైలో వచ్చింది. పదమూడేళ్లు! హట్టన్ గీతతోనే పత్రికలు ఆగిపోయి ఉంటే అదీ వచ్చేది కాదని నేను గట్టిగా నమ్ముతాను.

పాతడెస్కు:
కోర్టుహాలు గారూ, మీ మాటలో సగం నాకే తగులుతుంది. దాచను. డెస్కులో ఉండగా ఒక కమిషన్ నివేదిక వార్త నా చేతికొచ్చింది. విలేకరి కాపీలో ‘అభిప్రాయపడింది’ అని ఉంది. నాలుగు కాలాల శీర్షికలో ఆ మాట పట్టలేదు. ‘తేల్చింది’ అని పెట్టాను. మర్నాడు మధ్యాహ్నం ఒక రిటైర్డు ఇంజినీరు ఆఫీసుకు వచ్చారు, చేతిలో మడిచిన పేపరు. ‘బాబూ, నాకు నోటీసే రాలేదు. నన్నెవరు తేల్చారు?’ అన్నారు. కమిషన్ శిక్ష వేయలేదనీ, సిఫార్సు మాత్రమే చేస్తుందనీ నాకు తెలుసు. తెలిసే పెట్టాను.

అందుకే నేనడిగేవి రెండూ కలిపే అడుగుతున్నాను. కమిషన్ చెప్పిన దాన్ని చెప్పినంతే రాయాలి. చెప్పని దాన్ని మనం వెళ్లి వెతకాలి. ఇప్పుడు జరుగుతున్నది తలకిందులు: చెప్పిన దాన్ని పెంచి రాస్తున్నాం, చెప్పనిదాని జోలికి పోవడం లేదు.

కోర్టుహాలు:
ఆ మాటకొస్తే ఒప్పుకుంటాను. ఘోష్ నివేదిక 2025 జులై 31న ప్రభుత్వానికి చేరింది. అసెంబ్లీలో చర్చ ఆగస్టు 31న. ఈ మధ్యలోనే సారాంశం మీడియా ముందుకొచ్చింది. పూర్తి పాఠం చదవకుండానే జనం తీర్పులు చెప్పేశారు. కనీసం జీవోలోని విచారణాంశాలను వార్త పక్కన బాక్సు కట్టి వేసినా, ఏది అడిగారో ఏది అడగలేదో పాఠకుడికే తెలిసేది.

ఒక్క సంగతి. ఆ ఇంజినీరు గారి విషయంలో సవరణ వేశారా?

పాతడెస్కు:
వేశాం. లోపలి పేజీలో, అడుగున, రెండు లైన్లు. శీర్షిక పడింది మొదటి పేజీలో.