బెయిల్ వచ్చినా జామీను లేక జైల్లోనే: సలహా కావాలి

బెయిల్ ఆర్డర్ వచ్చాక కూడా ఇద్దరు జామీనుదారులు దొరక్క వారాల తరబడి లోపలే ఉండిపోయే విచారణ ఖైదీల గురించి అడుగుతున్నాను. పేదరికానికి పడుతున్న శిక్ష ఇది, నేరానికి కాదు.

ఒడిశా నుంచి ఇటుక బట్టీకి వచ్చిన కూలీనే తీసుకోండి. రూ. 10,000 చొప్పున ఇద్దరి పూచీకత్తు కావాలంటారు. అతనికి ఇక్కడ తెలిసింది మేస్త్రీ ఒక్కడే. ఇంటి పన్ను రసీదు, ఆధార్ చేతబట్టుకుని కోర్టుకు వచ్చేదెవరు? ఊరి నుంచి బంధువు వచ్చినా, వేరే రాష్ట్రం కాగితాలను వెరిఫికేషన్‌కు పంపితే మళ్లీ రోజులు పడతాయి.

చట్టంలో దారులున్నాయి. పూచీకత్తు మితిమీరకూడదని బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 484 చెబుతోంది. 490 కింద బాండుకు బదులు నగదు జమ చేయవచ్చు. నెలలోగా జామీను ఇవ్వలేకపోతే కోర్టే షరతులు సడలించే విషయం చూడవచ్చని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు చెప్పింది. పేద ఖైదీల కోసం కేంద్రం తెచ్చిన పథకంలో విచారణ ఖైదీకి డబ్బు సాయముంది.

చిక్కల్లా ఆచరణలోనే. ఇలాంటి పిటిషన్లు వేసిన న్యాయవాదులు, పారాలీగల్ వాలంటీర్లు (న్యాయ సహాయంలో తోడ్పడేవాళ్లు) దయచేసి చెప్పండి: షరతులు సడలించమని కోరే మెమో మేజిస్ట్రేట్ దగ్గరే వేయాలా, నేరుగా సెషన్స్‌కు వెళ్లాలా? మనుషుల పూచీ బదులు నగదు ఒప్పించడానికి ఏ కాగితాలు జత చేశారు? జిల్లా న్యాయసేవాధికార సంస్థకు జైలు నుంచి సమాచారం వెళ్లకపోతే, కుటుంబం ఇచ్చే అర్జీ సరిపోతుందా?