ఆర్‌ఎక్స్ 100 బైకు కిక్ జారిపోతోంది, కిక్ షాఫ్టు సెట్టు మొత్తం మార్చాల్సిందేనా?

పాతబండి_గుంటూరు:
నాన్నగారి 1994 యమహా ఆర్‌ఎక్స్ 100. నెల నుంచి మూడు కిక్కుల్లో ఒకటి ఉత్తినే కిందికి పోతోంది. బిగువే ఉండదు, కాలు ధడేల్‌మని దిగిపోతుంది. నిన్నట్నుంచి కిక్ రాడ్డు పైకి కూడా రావట్లేదు, బూటుతో ఎత్తుకోవాల్సి వస్తోంది. ఇక్కడి మెకానిక్ ఇంజను కవరు విప్పకుండానే "సెట్టు మొత్తం మార్చాలి" అన్నాడు. ఇంట్లో విప్పి చేసుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

బుల్లెట్_బాబాయ్:
ముందు క్లచ్ ప్లేట్లు చూడవయ్యా. నా నాలుగు గేర్ల బుల్లెట్‌కి అచ్చం ఇదే రోగం. ప్లేట్లు మార్చాక కిక్ గట్టిపడింది.

రెండుస్ట్రోకులు:
బాబాయ్ గారూ, బుల్లెట్‌కి అది నిజమే, దీనికి కాదు. బుల్లెట్‌లో కిక్ బలం గేర్‌బాక్సులోంచి క్లచ్ ప్లేట్ల మీదుగా ఇంజనుకు చేరుతుంది. ఆర్‌ఎక్స్‌లో కిక్ గేరు మధ్యలో ఉండే ఐడిల్ గేరుని, అది క్లచ్ హౌసింగ్ పళ్ళని, అవి ఇంజను ఇరుసైన క్రాంకుని తిప్పుతాయి. మధ్యలో ప్లేట్లకు పనే లేదు. అందుకే సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతే గేరులోనే క్లచ్ పట్టి కొట్టేస్తాం.

పాతబండి గారూ, మీరు కిక్ కొడుతూ షాఫ్టు చివర చూడండి. రాడ్డు తిరిగి షాఫ్టు కదలకపోతే రాడ్డు లోపలి పళ్ళు అరిగాయి, బోల్టు లూజుగా వదిలేస్తే వచ్చే తంటా అది. షాఫ్టు తిరుగుతున్నా ఇంజను తిరగకపోతే తప్పు లోపలుంది. పైకి రాకపోవడం మాత్రం స్ప్రింగు గొడవ.

పాతబండి_గుంటూరు:
చూశాను. షాఫ్టు తిరుగుతోంది.

రెండుస్ట్రోకులు:
అయితే నా అనుమానమంతా క్లిప్పు మీదే. షాఫ్టు మీద మరలాగా మెలితిరిగిన గాడులుంటాయి, కిక్ గేరు వాటి మీద కూర్చుంటుంది. ఆ గేరుని ఒక తీగ క్లిప్పు కరిచిపట్టుకుని ఉంటుంది, క్లిప్పు తోక ఇంజను కేసు గాడిలో ఉంటుంది. మీరు తొక్కినప్పుడు క్లిప్పు గేరుని తిరగనివ్వదు. తిరగలేని గేరు మర మీద పక్కకి జరిగి ఐడిల్ గేరుని అందుకుంటుంది. క్లిప్పు పట్టు సడలిందా, గేరు షాఫ్టుతో పాటే గిర్రున తిరుగుతుంది తప్ప జరగదు. ఇంత చిన్న తీగకి సెట్టు మార్చమంటే ఏమనాలి! గేరు పళ్ళ అంచులు విరిగి ఉంటే మాత్రం మార్చక తప్పదు.

పుత్లీబౌలి_చక్రం:
ఆ క్లిప్పుని ప్లయరుతో నొక్కి బిగించొద్దు అన్నా. నాకు ఒకాయన అలాగే చేసిచ్చాడు, ఇరవై రోజులు కూడా ఆగలేదు. కొత్తది వేసుకోండి. కవరు స్టార్ స్క్రూలకి ఇంపాక్ట్ డ్రైవరు వాడండి, మామూలు దానితో తలలు పాడవుతాయి. స్క్రూలు పొడుగు పొట్టి ఉంటాయి. అట్టముక్క మీద కవరు బొమ్మ గీసి ఎక్కడివి అక్కడ గుచ్చి పెట్టుకోండి. నేను పెట్టుకోక ఒక పూట వెతుక్కున్నాను.

పాతబండి_గుంటూరు:
ఆదివారం విప్పాను. గేరు పళ్ళు బాగానే ఉన్నాయి. క్లిప్పు వేలితో తోస్తేనే తిరిగిపోతోంది, స్ప్రింగు కొస విరిగి ఉంది. రెండూ కొత్తవి తెచ్చాను. బిగిస్తే రాడ్డు సగం దాకానే పైకొస్తోంది!

రెండుస్ట్రోకులు:
స్ప్రింగుకి ముందుగా మెలి ఇవ్వలేదు మీరు. షాఫ్టుని లోపలికి తోసేటప్పుడు క్లిప్పు తోక కేసు గాడిలో పడాలి, షాఫ్టు స్టాపరు కేసులోని ఆనింపుకి ఆనాలి. ఆ తర్వాత స్ప్రింగు కొక్కెం నోస్ ప్లయరుతో పట్టి, గడియారం ముల్లు తిరిగే వైపు లాగి, కేసు రంధ్రంలో దించాలి. జారితే చెయ్యి తెగుతుంది, గుడ్డ చుట్టుకోండి. కవరు మూసే ముందే రాడ్డు తగిలించి చేత్తో పదిసార్లు తిప్పి చూడండి. పాత గ్యాస్కెట్ మళ్ళీ వాడొద్దు. షాఫ్టు ఆయిల్ సీలు కూడా ఇప్పుడే మార్చేస్తే నయం.

టూటీ_సుబ్బులు:
ఎవరూ చెప్పలేదేంటి? 2టీ ఆయిల్ (రెండు స్ట్రోకుల ఇంజనులో పెట్రోలుతో పాటు కాలే ఆయిల్) పంపు ఆ కవరు మీదే ఉంది. పైపులు ఊడదీసి ఉంటే లోపల గాలి చేరుతుంది. గాలి తీయకుండా తోలితే ఇంజనుకి ఆయిల్ అందక పిస్టన్ పట్టేస్తుంది. పంపు మీది బ్లీడ్ స్క్రూ వదులు చేసి బుడగలు ఆగేదాకా ఆయిల్ కారనివ్వండి. తర్వాత బండి ఐడిల్‌లో పెట్టి పంపు కేబుల్ పూర్తిగా లాగి రెండు నిమిషాలు ఉంచండి. ఆ పూటకి పెట్రోల్లో కాస్త 2టీ కలపండి. పొగ వస్తుంది, రానీ.

పాతబండి_గుంటూరు:
టూటీ గారూ, పైపులు ఊడదీశాను, గాలి సంగతి తెలియదు. మీరు చెప్పకపోతే పొద్దున్నే తెనాలి వెళ్ళేవాణ్ణి. అన్నీ చేశాను. రెండో కిక్కుకే అందుకుంది, రాడ్డు టక్కున పైకొచ్చింది. పొగకి పక్కింటివాళ్ళు తలుపులేసుకున్నారు.

బుల్లెట్_బాబాయ్:
ఒక స్క్రూ మిగిలిందా లేదా, అది చెప్పు.

పాతబండి_గుంటూరు:
మిగిలింది బాబాయ్. అట్ట మీద గుచ్చిందే. రేపు మళ్ళీ చూస్తా.