డైనోసార్ పిల్లను తెలుగులో ఏమనాలి? పిల్లా, కూనా, ఇంకేదైనానా?

చిత్రలేఖ:
చిన్నపిల్లల బొమ్మల పుస్తకానికి మాటలు రాస్తున్నాను. మొదటి బొమ్మలో మయాసారా అనే డైనోసార్ పిల్ల గుడ్డు పగలగొట్టుకుని తల బయటపెడుతూ ఉంటుంది. చెవికి ముద్దుగా ఉందని ‘డైనోసార్ కూన’ అని రాశాను. పుస్తకం సరిచూసేవారు అది కొట్టేసి ‘హ్యాచ్‌లింగ్’ అని పెట్టారు. శాస్త్రీయ నామం అదేనట. అయిదేళ్ల పిల్లలు చదివే పుస్తకంలో హ్యాచ్‌లింగా? మీరేమంటారు?

తొలకరి:
హ్యాచ్‌లింగ్ అనేది డైనోసార్లకు ప్రత్యేకంగా పెట్టిన పేరేమీ కాదండీ. గుడ్డులోంచి అప్పుడే వచ్చిన తాబేలునీ మొసలినీ కూడా ఇంగ్లీషులో అలాగే అంటారు. అది వయసును చెప్పే మాట. కొంచెం పెరిగితే అదే జీవిని జువెనైల్ అంటారు. అంచేత ‘శాస్త్రీయ నామం’ అన్న వాదన నిలవదు.

అలాగని కూన కూడా నాకు నచ్చలేదు. పులికూన, కుక్కకూన, పందికూన: అన్నీ పాలు తాగి పెరిగేవే. దూడ, గున్న అన్నా అంతే. గుడ్డులోంచి వచ్చేవాటికి మన భాషలో పిల్ల ఉండనే ఉంది. కోడిపిల్ల, పాముపిల్ల, మొసలిపిల్ల. ఆ వరసలోనే డైనోసార్ పిల్ల.

రాతిపొర:
పిల్లకే నా ఓటు. ఇంగ్లీషులో కొందరు చిక్ అని కూడా అంటారు. పక్షులు డైనోసార్ల వంశమే కాబట్టి అందులో తప్పేం లేదు. చైనాలోని గాంజౌ ప్రాంతంలో దొరికిన ఒక డైనోసార్ గుడ్డు గురించి 2021లో పరిశోధకులు రాశారు. గుడ్డు పొడవు 17 సెంటీమీటర్లు. లోపలి పిండాన్ని చాపితే 27. అది తలను పొట్ట కిందికి వంచి, వీపును గుండ్రంగా తిప్పి ముడుచుకుని ఉంది. బయటికి వచ్చే ముందు కోడిపిల్ల గుడ్డులో సర్దుకునే తీరుకు చాలా దగ్గర. ఆ బొమ్మ చూశాక నాకు వేరే మాట తోచలేదు.

ఒక్క మనవి. ‘రాక్షసబల్లి పిల్ల’ అని మాత్రం రాయకండి. 1842లో ఇంగ్లండు శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ పెట్టిన ‘డైనోసార్’ అన్న పేరును మనవాళ్లు అలా తెలుగు చేశారు గానీ, డైనోసార్లు బల్లులు కావు. పైగా అప్పుడే పుట్టినదాన్ని పట్టుకుని రాక్షసి అనడమేమిటి, పాపం!

పాతచెట్టు:
తొలకరి గారూ, భాషను జంతుశాస్త్రం కింద జమకట్టేస్తున్నారు. అమ్మలు తమ బిడ్డల్నే ‘నా చిట్టి కూనా’ అంటారు. వాళ్లేమైనా పులులా? కూన అంటే వయసూ కాదు, జాతీ కాదు, ముద్దు. అందులోనూ ఇక్కడున్నది మయాసారా. ఆ పేరుకే ‘మంచి తల్లి బల్లి’ అని అర్థం. అమెరికాలోని మోంటానాలో గూళ్లు, వాటిలో పిల్లల ఎముకలు దొరికాయనే కదా 1979లో ఆ పేరు పెట్టారు? ఆ పిల్లల కాళ్ల కీళ్లు ఇంకా గట్టిపడలేదు, పళ్లు మాత్రం అరిగి ఉన్నాయి. అంటే గూడు దాటకుండానే మేత తిన్నాయి, తల్లి తెచ్చి పెట్టి ఉంటుంది. ఇంత గారాబంగా పెరిగినదాన్ని కూన అంటే వచ్చిన నష్టమేంటి?

తొలకరి:
నష్టం అక్కడే ఉంది. ఆ వాదనకు 1996లోనే గట్టి అభ్యంతరం వచ్చింది. ఇద్దరు పరిశోధకులు ఇప్పటి పక్షుల, మొసళ్ల పిల్లల ఎముకలతో పోల్చి చూసి, మయాసారా పిల్లల కటి ఎముకలు బాగానే గట్టిపడ్డాయి, అవి పుట్టగానే తిరగగలిగి ఉండొచ్చు అన్నారు. తేలని సంగతిని ఒక్క ముద్దుమాటతో తేల్చేస్తామా?

పోనీ మయాసారాకు తల్లి పోషణ ఉందనే అనుకుందాం. అన్ని డైనోసార్లకూ ఉందా? గుజరాత్‌లో దొరికిన శిలాజం ఉంది. సారోపాడ్ (పొడవాటి మెడ ఉండే భారీ డైనోసార్) గూట్లో పగిలిన గుడ్డును చుట్టుకుని మూడున్నర మీటర్ల పాము, పక్కనే అర మీటరు పిల్ల. ఆ పాముకు 2010లో సనాజే అని పేరు పెట్టారు. చుట్టుపక్కల తల్లి జాడ లేదు. ఆ పిల్లను గారాబాల కూన అనడానికి నాకు నోరు రాదు.

పాతచెట్టు:
తల్లి పక్కన లేని పిల్లను ముద్దు చేయకూడదా? ఇదేం రూలండీ! మీ లెక్కన తాబేలు పిల్లను పలకరించడానికే లేదు. సరే, కటి ఎముకల సంగతి నాకు తెలియదు, అది మాత్రం ఒప్పుకుంటున్నాను.

రాతిపొర:
అసలు చిక్కు పేరులో కంటే వయసులో ఉంది. అర్జెంటీనాలో దొరికిన డైనోసార్ పిల్లల ఎముకలు చూసి 1979లో ముసారస్ అని పేరు పెట్టారు, అంటే ఎలుక బల్లి. ఆ అస్థిపంజరం అరచేతుల్లో పట్టేస్తుంది. పెద్దది దొరికాక చూస్తే బరువు టన్ను దాటింది. పేరు మాత్రం ఎలుకే! డ్రాకోరెక్స్ అనే డైనోసార్ కూడా వేరే జంతువు కాదు, పాకీసెఫలోసారస్ అనే ఇంకో డైనోసార్ పిల్లేనని 2009లో వాదించారు. పిల్లను పిల్ల అని గుర్తుపట్టడమే ఇంత కష్టం.

చిత్రలేఖ:
హ్యాచ్‌లింగ్ తీసేశాను. బొమ్మ కింద ‘గుడ్డులోంచి అప్పుడే వచ్చిన డైనోసార్ పిల్ల’ అని ఉంటుంది. సరిచూసేవారు కూడా ఒప్పుకున్నారు. పాతచెట్టు గారూ, మీ కూన కూడా పుస్తకంలో ఉంది. మూడో పేజీలో తల్లి పిలిచేటప్పుడు ‘ఇలా రా, నా కూనా’ అంటుంది. తొలకరి గారు తల్లి మాటకు కూడా ఆధారాలు అడగరనే అనుకుంటున్నాను.

తొలకరి:
ఆ పేజీ నేను చూడలేదు.