లక్ష్య లక్షణాలు: ఈ జంటలో "లక్ష్యం" అంటే ఏమిటి?

ప్రశ్న: ఒక సంగీత వ్యాసంలో "లక్ష్య లక్షణాలు రెండూ తెలిసిన విద్వాంసుడు" అని చదివాను. లక్ష్యం అంటే గోల్ అనుకుంటే అర్థం కుదరడం లేదు. ఎవరైనా చెబుతారా?

జవాబు: మంచి ప్రశ్న అడిగారండీ. ఇక్కడ లక్ష్యం అంటే గమ్యం కాదు, కళ్ళెదుట ఉన్న ఉదాహరణ. వ్యాకరణంలో కవి చేసిన ప్రయోగం లక్ష్యం, దాన్ని పట్టి చెప్పిన సూత్రం లక్షణం. సంగీతంలో పాడి వినిపించేది లక్ష్యం, దాని గురించి శాస్త్రం చెప్పేది లక్షణం. గురువు ఒక సంగతి (పాటలోని ఒకే పంక్తిని మార్చి పాడే తీరు) పాడతారు, శిష్యుడు అచ్చం అలాగే అనడానికి ప్రయత్నిస్తాడు. అంటే లక్ష్యం అనుకరణతో వస్తుంది. లక్షణం ఆలోచనతో వస్తుంది.

మామూలు మాటల్లో ఈ రెంటికీ మర్యాద తక్కువ. ఎవరినైనా అనుకరిస్తే పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటాం. సిద్ధాంతం చెప్పబోతే "థియరీ ఎందుకు, పని చూడు" అంటాం. పాతవాళ్ళు మాత్రం రెంటినీ ఒకే ఊపిరిలో, గౌరవంగా పలికారు. వాళ్ళు ఎందుకలా పలికారో చారుకేశి రాగాన్ని చూస్తే తెలుస్తుంది.

17వ శతాబ్దంలో తంజావూరులో విజయరాఘవ నాయకుడి కాలంలో వెంకటమఖి "చతుర్దండి ప్రకాశిక" రాశారు. అందులోదే 72 మేళాల, అంటే రాగాలకు మూలమైన స్వరాల వరసల లెక్క. షడ్జమం (స), పంచమం (ప) కదలవు. రిషభం (రి), గాంధారం (గ) చెరి మూడు రకాలు. శుద్ధ రిషభంతో మూడు గాంధారాలు కలుస్తాయి, చతుశ్రుతి రిషభంతో రెండు, షట్‌శ్రుతి రిషభంతో ఒకటి. మొత్తం ఆరు. ధైవత (ధ) నిషాదాలకూ (ని) అలాగే ఆరు. ఆరు ఆర్ల ముప్ఫై ఆరు, మధ్యమాలు (మ) రెండు కాబట్టి 72. ఇంతా చేసి ఆయన వివరించిన మేళాలు 19 మాత్రమే. తక్కినవి ఖాళీ గళ్ళు. పాటలే లేని చోట గళ్ళు గీయడం ఎందుకని ఎవరైనా అడిగి ఉంటే, ఆ రోజుకు చూపించడానికి ఆయన దగ్గర ఒక్క కీర్తన కూడా ఉండేది కాదు.

26వ గడి ఆ 19లో లేదు. ఇప్పుడు దాన్నే చారుకేశి అంటున్నాం. (అక్షరాలకు అంకెలు ఇచ్చే కటపయాది లెక్కలో "చా" ఆరు, "రు" రెండు, తిప్పి చదివితే 26.) త్యాగరాజు "ఆడమోడి గలదే" ఆ రాగంలోనే చేశారు. ఆయన పట్టిక ముందు పెట్టుకుని కట్టారని నేను అనడం లేదు. అయితే ఆ రాగాన్ని విప్పి చూడండి. స రి గ మ వరకు శంకరాభరణం, ప ధ ని స తోడి. రెండూ తరతరాలుగా విని, పాడి, గొంతులో అరిగిన రాగాలు. శొంఠి వేంకటరమణయ్య గారి దగ్గర నేర్చుకున్న త్యాగరాజుకు అవి కొత్తవి కావు. ఆ రెండు సగాలు ఒకచోట కలవగలవని చెప్పింది లెక్క. కలిసినప్పుడు రాగంలా వినిపించేటట్టు చేసింది, అప్పటికే రెంటినీ అనుకరించి వశం చేసుకున్న గొంతు. వీటిలో ఏ ఒక్కటి లేకున్నా ఇవాళ మనకు చారుకేశి లేదు.

వ్యాఖ్య: ఛందస్సులోనూ ఇదే లెక్క ఉంది కదండీ? ప్రస్తారం వేస్తే, అంటే గురులఘువులను అన్ని విధాలా మార్చి పేర్చుకుంటూ పోతే, పాదానికి ఒక అక్షరం నుంచి 26 అక్షరాల దాకా ఉన్న 26 ఛందాల్లో వృత్తాలు 13,42,17,726 వస్తాయి. మనం వాడేది ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం, ఇంకో పిడికెడు. మిగతా కోట్లన్నీ వృథా లెక్కే అనుకోవాలా?

జవాబు: వృథా అనను. ఏవి సాధ్యమో ఆ లెక్క పూర్తిగా చెప్పేసింది. కానీ అందులో ఏది చెవికి ఇంపుగా ఉంటుందో చెప్పడం దాని పని కాదు. నన్నయ ఉత్పలమాల నడిపిన తీరు విని తర్వాతివాళ్ళు ఆ నడకలోనే రాశారు, వాళ్ళను చూసి మరికొందరు రాశారు. అలా వెయ్యేళ్ళుగా ఆ నడక చెవుల్లో నిలిచింది. గణాలు కుదిరినా నోట ఆడని వృత్తం లక్షణ గ్రంథంలో ఒక పద్యంగా మిగిలిపోతుంది. నలుగురూ అనుకరించడానికి ముందుకు రాకపోతే ఎంత గొప్ప సిద్ధాంతమైనా అక్కడే ఆగుతుంది.

వ్యాఖ్య: మాస్టారూ, ఒక సందేహం. గురువును అచ్చుగుద్దినట్టు అనుకరిస్తూ పోతే కొత్తదనం ఎక్కడినుంచి వస్తుంది?

జవాబు: అచ్చుగుద్దినట్టు రాదమ్మా, అక్కడే ఉంది విషయం. త్యాగరాజు శిష్యుల్లో వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లస్థానం అని మూడు పరంపరలు ఏర్పడ్డాయి. అందరూ విన్నది ఆయన గొంతే. అయినా ఒకే కీర్తనకు సంగతులు తేడాగా ఉంటాయి. దాన్ని తప్పు అనకుండా "పాఠాంతరం" అన్నారు, అంటే ఆ తేడాకూ ఒక గౌరవం ఇచ్చారు. ఒక్కో గొంతుకు ఒక్కో బలం ఉంటుంది, నేర్చుకున్నది ఆ బలం వైపు కొద్దిగా ఒరుగుతుంది.

పైగా, రాతలో పట్టనిది చాలా ఉంది. తోడిలో గాంధారం కాగితం మీద "గ" అనే ఒక్క అక్షరం. పాడేటప్పుడు అది అటు రిషభానికీ ఇటు మధ్యమానికీ మధ్య ఊగుతూ ఉంటుంది. ఎంత ఊగాలి, ఎక్కడ ఒక్క క్షణం ఆగాలి అన్నది గురువు ఎదుట కూర్చుని పదిసార్లు తప్పు అని, పదకొండోసారి పట్టుకోవాల్సిందే. సుబ్బరామ దీక్షితులు ఈ లోటు తీర్చడానికే 1904లో ఎట్టయపురంలో అచ్చయిన "సంగీత సంప్రదాయ ప్రదర్శిని"లో గమకాలకు (స్వరాన్ని ఇలా ఊపి పలికే తీరులకు) ప్రత్యేకంగా గుర్తులు వేశారు. పుస్తకం తెలుగు లిపిలోనే ఉంది. ఆ గుర్తులు చూస్తే, విని నేర్చుకునేదాన్ని చదివి నేర్చుకునేలా చేయడానికి ఆయన ఎంత శ్రమపడ్డారో అర్థమవుతుంది. అయినా అప్పటికే కొంత పాడినవాళ్ళకే ఆ గుర్తులు మాట్లాడతాయి.

ప్రశ్న అడిగినవారు: చాలా సంతోషం అండీ. ఐతే "నిర్లక్ష్యం"లో ఉన్నదీ ఈ లక్ష్యమేనా?

జవాబు: అదే కుటుంబం. లక్షించడం అంటే గుర్తుపట్టి చూడటం. "ఎవరినీ లక్ష్యపెట్టడు" అని ఇప్పటికీ అంటాం కదా, అక్కడా చూపుకు సంబంధించిన అర్థమే. బాణం వేసేవాడు గురిచూసేది కూడా లక్ష్యమే కాబట్టి గోల్ అనే అర్థం దానివల్ల స్థిరపడింది.