ఎడిన్‌బరా వెళ్తున్నాం. సెయింట్ ఆండ్రూస్‌లో (గోల్ఫ్‌కి పేరుమోసిన స్కాట్లండ్ ఊరు) మాలాంటివాళ్ళని ఆడనిస్తారా?

పటమట_పెద్దాయన:
నమస్తే అండీ. మాది విజయవాడ. ఉద్యోగమంతా వైజాగ్‌లో గడిచింది. అక్కడి ఈస్ట్ పాయింట్ క్లబ్బులో (1884 నాటిది) గోల్ఫ్ అబ్బింది. రిటైరై పటమట వచ్చేశాక కిట్ అటకెక్కింది. జూన్‌లో అమ్మాయి దగ్గరికి ఎడిన్‌బరా వెళ్తున్నాం. అంత దూరం వెళ్ళి ఒక్క బంతైనా కొట్టకుండా ఎలా వస్తాను? అల్లుడేమో "సెయింట్ ఆండ్రూస్ కోటీశ్వరులకి మావయ్యా" అంటున్నాడు. నిజమేనా? కిట్ మోసుకెళ్ళాలా? మా ఆవిడకి ఆట రాదు. గంటలు గంటలు కూర్చోబెడితే ఊరుకోదు.

లక్ష్మీపురం_కుర్రాడు:
అంకుల్, మాది గుంటూరే, ఇప్పుడు ఎడిన్‌బరాలో చదువుతున్నా. సెయింట్ ఆండ్రూస్‌లో పేరున్న మైదానం ఓల్డ్ కోర్సు పబ్లిక్‌దే, ఎవరైనా ఆడొచ్చు. కాకపోతే రెండు రోజుల ముందు పేరిస్తే లాటరీ తీస్తారు, హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ (ఆటలో మన స్థాయి చెప్పే కాగితం) అడుగుతారు. మామూలుగా ఆదివారం ఆట ఉండదు, ఊళ్ళోవాళ్ళు కుక్కల్ని తీసుకుని కోర్సు మీదే షికారు చేస్తారు. ఆంటీతో ఆ రోజు వెళ్ళండి. ఆ ఊరికి రైలు లేదు, లూకర్స్‌లో దిగి బస్సెక్కాలి.

బ్రాడీపేట_టీచరమ్మ:
అన్నయ్యగారూ, ఆ లాటరీ గొడవ పక్కన పెట్టండి. మా అబ్బాయి ఎడిన్‌బరాలోనే ఉద్యోగం, వేసవికి మేమూ అక్కడే తేలుతుంటాం. మా వారికి ఆట పిచ్చి, నాకు నడక పిచ్చి. ఇద్దరికీ కుదిరింది మసెల్‌బరా. ఎడిన్‌బరా పక్కనే, సిటీ బస్సు ఎక్కితే దింపేస్తుంది. తొమ్మిదే హోల్స్ (బంతి వేసే గుంతలు), అదీ గుర్రప్పందేల మైదానం నడుమ!

చిన్నదని తీసిపారేయకండి. 1672లో సర్ జాన్ ఫౌలిస్ అనే ఆయన ఇక్కడ ఆడి పోగొట్టుకున్న డబ్బుని జమాఖర్చుల పుస్తకంలో రాసుకున్నాడు (ఓడింది కూడా పద్దు రాశాడంటే మన మిర్చియార్డులో పుట్టాల్సిన మనిషి). 1874కీ 1889కీ మధ్య ఓపెన్ ఛాంపియన్‌షిప్ (గోల్ఫ్‌లో పెద్ద పోటీ) ఆరుసార్లు ఇక్కడే జరిగింది. ఇప్పుడు ఎక్కడ ఆడినా హోల్ వెడల్పు నాలుగుంపావు అంగుళాలే కదా, 1829లో ఇక్కడ గుంతలు తీసిన పనిముట్టు కొలత కూడా సరిగ్గా అంతే.

నా మనసు పడింది మాత్రం ఇంకోదాని మీద. 1810 డిసెంబరులో ఇక్కడి క్లబ్బు, వచ్చే జనవరి 1న బాగా ఆడిన చేపలమ్మే ఆడవాళ్ళకి బహుమతులిస్తామని ప్రకటించింది. ఏమిటనుకున్నారు? కొత్త చేపల బుట్ట, పట్టు రుమాళ్ళు! అప్పటిదాకా నేనూ ఇది దొరల ఆటే అనుకునేదాన్ని. ఆ సంగతి తెలిశాకే కర్ర పట్టాను.

మెంబరు కానక్కర్లేదు, డబ్బు కట్టి ఆడటమే. కిట్ మోయకండి. పాతకాలపు హికరీ చెక్క కర్రలు అద్దెకిస్తారు, వాటితో ఆడితేనే మజా. మొదటిసారి వెళ్ళినప్పుడు ముందున్న ఇద్దరు ముసలాళ్ళు ఆగి, నలుగురం కలిసి ఆడదాం రమ్మన్నారు. నేను గడ్డిలో బంతి పోగొడితే ఒకాయన జేబులోంచి తీసి ఇచ్చాడు. చీర మీద స్వెట్టరు, కాళ్ళకి కాన్వాసు బూట్లు, అయినా ఎవరూ వింతగా చూడలేదు. వైజాగ్‌లోలా కాడీ వెంట ఉండడు సుమండీ! బ్యాగు మనమే మోయాలి, బంకర్లో ఇసుక మనమే సర్దాలి, కర్ర దెబ్బకి లేచిన పచ్చగడ్డి పెళ్ళ మనమే తెచ్చి తొక్కాలి. మా వారికి అదొక్కటే నచ్చలేదు.

బెజవాడ_బాబాయ్:
చేపల బుట్ట సంగతి భలే ఉందమ్మా. జూన్‌లో స్వెట్టరేంటి? ఇక్కడ ఫ్యాన్ కింద కూడా ఉడికిపోతుంటే.

బ్రాడీపేట_టీచరమ్మ:
సముద్రపు గాలి బాబాయ్ గారూ, చెవులు పోతాయి. కానీ జూన్‌లో రాత్రి పదింటిదాకా వెలుగుంటుంది. అన్నం తిని వెళ్ళినా ఆట ముగించి రావచ్చు.

పటమట_పెద్దాయన:
చాలా థాంక్సమ్మా. ఆదివారం సెయింట్ ఆండ్రూస్ షికారు, మధ్యలో ఒకరోజు మసెల్‌బరా అనుకున్నాం. మీరు రాసింది చదివి వినిపిస్తే మా ఆవిడ "నాకూ ఒక కర్ర ఇప్పించండి" అంటోంది. అసలేమీ రానివాళ్ళు మొదలెట్టొచ్చా?

బ్రాడీపేట_టీచరమ్మ:
ఇంట్లోనే మొదలెట్టించండి. అటక మీంచి పట్టర్ (బంతిని గుంతలోకి దొర్లించే కర్ర) దింపి, హాల్లో చాప పరిచి, ఆ చివర స్టీలు గ్లాసు పడుకోబెట్టి, బంతిని అందులోకి దొర్లించమనండి. గ్లాసు మూతి హోల్ కన్నా ఇరుకు కాబట్టి అక్కడికెళ్ళాక ఆవిడకి సులువవుతుంది. ఇంకోమాట, గుర్రప్పందేలున్న రోజు కోర్సు మూసేస్తారు. తేదీ చూసుకుని బుక్ చేసుకోండి.