సబ్‌వూఫర్ పెట్టాక బేస్ తగ్గింది! తేడా ఎక్కడ?

వైర్లచిక్కు:
గది 12 × 10 అడుగులు, సీలింగ్ ఎత్తు 10 అడుగులు, కింద విట్రిఫైడ్ టైల్స్. 10 అడుగుల గోడ వైపు టీవీ, దానికి అటూ ఇటూ 6.5 అంగుళాల వూఫరున్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు (8 ఓమ్స్, సెన్సిటివిటీ 86 డీబీ). వాటిని నడిపే టీపీఏ3116 ఆంప్లిఫయర్ బోర్డుకి 12 వోల్టుల అడాప్టర్. ఈమధ్యే మూలలోకి 10 అంగుళాల పవర్డ్ సబ్ (సొంత ఆంప్ ఉన్న సబ్‌వూఫర్) చేరింది. సౌండ్ డెస్క్‌టాప్ నుంచి వై కేబుల్ మీదుగా ఆంప్‌కీ సబ్‌కీ వెళ్తోంది. సోఫా వెనక గోడకి ఆనించి ఉంది.

ఒకటో రెండో నోట్లకి గదంతా "ధమ్" అంటోంది, వాటి పక్క నోటు వినపడదు. లేచి గది మధ్యలో నిలబడితే బేసే మాయం. మృదంగం తొప్పి (బేస్ పలికే ఎడమ వైపు) దెబ్బ సబ్ లేనప్పుడే నిండుగా ఉండేది, ఇప్పుడు పల్చబడింది. దీనికి తోడు సబ్‌లోంచి ఆగకుండా గుయ్ మంటూ హమ్. వాల్యూమ్ సగం దాటిస్తే పాడేవాళ్ల గొంతు చీరుకుపోతోంది, బోర్డు మీద మాత్రం 50+50 వాట్లని రాసుంది. గోడలకి కోడిగుడ్డు అట్టలు అంటించాలా, ఆంప్ మార్చాలా, ఖరీదైన కేబుల్స్ కొనాలా? ముందు ఏది?

చెవులపిల్లి:
కోడిగుడ్డు అట్టలు ఆమ్లెట్ బండివాడికే వదిలెయ్యండి. పేపరంత మందం ఉన్న అట్ట బేస్‌ని ఆపలేదు. ఇంకా ఏమీ కొనకండి, ముందు లెక్క చూడండి.

566ని అడుగుల్లో గది కొలతతో భాగిస్తే ఆ దిక్కున గది ఏ ఫ్రీక్వెన్సీకి ఊగుతుందో వస్తుంది, దాన్నే మోడ్ అంటారు. 12 అడుగులకి 47 హెర్ట్జ్, 10 అడుగులకి 57. మీ ఖర్మకొద్దీ వెడల్పూ ఎత్తూ రెండూ పదే, అంటే 57 దగ్గర రెండు మోడ్లు ఒకదాని నెత్తిన ఒకటి కూర్చున్నాయి. మీ "ధమ్" చాలావరకు అదే. మూలలో పెట్టిన సబ్ గదిలో ఉన్న ప్రతి మోడునీ లేపుతుంది. గోడకి ఆనుకుని కూర్చున్న మనిషికి పొడవు మోడ్లన్నీ పూర్తి బలంతో వినిపిస్తాయి. మీరు రెండూ చేశారు. గది నడిమధ్యలో 47 హెర్ట్జ్ పీడనం దాదాపు సున్నా కాబట్టి అక్కడ నిలబడితే బేస్ పోవడం మామూలే, అందులో సబ్ తప్పేం లేదు.

సబ్‌ని మూలలోంచి తీసి టీవీ గోడ మధ్యకి జరపండి. వెడల్పు మోడుకి అది శూన్యస్థానం, అక్కణ్నుంచి దాన్ని లేపడం కుదరదు. ఇక 57 దగ్గర మిగిలేది ఎత్తు మోడ్ ఒక్కటే. టీవీ స్టాండ్ అడ్డొస్తే అర అడుగు అటో ఇటో జరిగినా పర్లేదు. సోఫాని గోడనుంచి నాలుగున్నర అడుగులు ముందుకి తెస్తే భేష్, కానీ ఇంట్లో నడిచే దారి పోతుంది. కనీసం రెండడుగులు లాగండి.

ఏ చోటూ నచ్చకపోతే సబ్‌ని సోఫా మీద మీ తల ఉండే చోటే పెట్టి, 40 నుంచి 80 హెర్ట్జ్ దాకా టోన్లు మెల్లగా పెంచుతూ, మీరు గోడల వెంట మోకాళ్ల మీద పాకండి. అన్ని టోన్లూ దాదాపు సమానంగా వినిపించిన చోటే సబ్ ఉండాలి. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

పెద్దవూఫర్:
తొప్పి దెబ్బ పల్చబడటానికి ఫేజ్ కారణం. క్రాసోవర్ (సబ్ ఆగి స్పీకర్లు అందుకునే ఫ్రీక్వెన్సీ) 80 దగ్గర ఉందనుకుంటే, ఆ చుట్టుపక్కల సబ్బూ స్పీకర్లూ రెండూ మోగుతాయి. ఒకటి ముందుకి తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగితే మిగిలేది తీసివేతే. 80 హెర్ట్జ్ టోన్ పెట్టి సోఫాలో కూర్చోండి, ఇంకొకరిని సబ్ వెనక ఫేజ్ స్విచ్ 0కీ 180కీ మార్చమనండి. ఏది గట్టిగా వినపడితే అది ఉంచెయ్యండి. సబ్ చోటు మార్చిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ చెయ్యాలి.

దానికంటే ముందు రెండు స్పీకర్లూ ఒకే పోలారిటీలో ఉన్నాయా చూసుకోండి. ఆంప్ దగ్గర వైర్లు పూర్తిగా పీకేసి, 1.5 వోల్టుల పెన్సిల్ బ్యాటరీ ప్లస్‌ని ఎర్ర వైరుకీ మైనస్‌ని నల్ల వైరుకీ ఒక్క క్షణం తాకించండి. వూఫర్ కోన్ బయటికి రావాలి. ఒకటి బయటికి వచ్చి రెండోది లోపలికి పోతే వైరు తిరగబడిందన్నమాట. ట్వీటర్‌కి (పై స్వరాలు పలికే చిన్న స్పీకర్) ఈ పరీక్ష వద్దు.

కేబుల్స్ సంగతి తేలిక. ఇంటి వైరింగుకి వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల ఫ్లెక్సిబుల్ రాగి వైరు 5 మీటర్లు లాగితే, రానూపోనూ కలిపి 0.13 ఓమ్. 8 ఓమ్స్ స్పీకర్‌కి ఇది లెక్కలోకే రాదు.

టంకంపని:
నేను హమ్, ఆంప్ గురించి చెప్తాను.

డెస్క్‌టాప్‌కీ సబ్‌కీ రెండిటికీ ఎర్త్ పిన్ను ఉండి, రెండూ వేర్వేరు స్విచ్ బోర్డుల్లో ఉన్నాయనుకుంటున్నా. అప్పుడు ఎర్త్ వైరూ ఆర్‌సీఏ కేబుల్ (సబ్‌కి సౌండ్ తెచ్చే కేబుల్) షీల్డూ కలిసి ఒక లూప్ అవుతాయి, 50 హెర్ట్జ్ గుయ్ మంటూ దూరిపోతుంది. సబ్ ఆన్‌లో ఉంచి ఆర్‌సీఏ పిన్ను పీకండి. హమ్ ఆగిపోతే లూపే. అన్ని ప్లగ్గులూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులోకి తెస్తే చాలాసార్లు అక్కడితో సరి. హమ్ పోతుంది కదా అని మూడో పిన్ను మాత్రం విరగ్గొట్టకండి. లోపల ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజున సబ్ వెనకున్న రేకు షాక్ కొడుతుంది.

చవకలో దొరికే ఆర్‌సీఏ ఐసొలేటర్ హమ్‌ని ఆపుతుంది నిజమే. కానీ అందులో ఉండేది బుల్లి ట్రాన్స్‌ఫార్మర్, అడుగు బేస్‌ని అదే తినేస్తుంది. సబ్ లైన్లో పెడితే సబ్ కొన్నదే దండగ. డెస్క్‌టాప్‌కి ఆప్టికల్ అవుట్ ఉంటే, ఆప్టికల్ కేబుల్‌తో ఒక చిన్న డాక్ (డిజిటల్ సిగ్నల్‌ని మామూలు ఆడియోగా మార్చే పెట్టె) పెట్టి, దాని అడాప్టర్‌ని విడిగా ఇవ్వండి. కేబుల్‌లో రాగి ఉండదు, కాబట్టి లూపూ ఉండదు. ఒకవేళ శబ్దం గుయ్ అని కాక జర్ర్ మంటూ, ఫ్యాన్ స్పీడు మార్చినప్పుడల్లా మారుతుంటే, అనుమానం ఫ్యాన్ ట్రయాక్ రెగ్యులేటర్ (మెట్లు లేకుండా తిరిగే ఎలక్ట్రానిక్ రకం) మీద పెట్టుకోండి. మెట్లు మెట్లుగా తిరిగే కెపాసిటర్ రకం వేయిస్తే పోతుంది.

గొంతు చీరుకుపోయేది అడాప్టర్ వల్ల. ఈ బోర్డు ఇవ్వగలిగింది వోల్టేజీ స్క్వేర్‌ని రెండింతల ఓమ్స్‌తో భాగిస్తే వస్తుంది. 144ని 16తో భాగించండి: 9 వాట్లు. బోర్డు మీద ఏం రాసినా అంతే. 24 వోల్టులైతే 36, నష్టాలు పోగా 30 అనుకోండి. 24 వోల్టుల 5 ఆంప్స్ ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) వెయ్యండి, 26 దాటనివ్వకండి. వేసేముందు బోర్డు మీది పెద్ద కెపాసిటర్ల రేటింగ్ చదవండి. 25 వోల్టులని ఉంటే 35 వోల్టులవి వేసి టంకం పెట్టండి, లేకపోతే ఎండాకాలంలో ఉబ్బుతాయి. చిన్న ఆంపే కదా, స్పీకర్‌కి ఏం కాదులే అనుకోవద్దు. క్లిప్పింగులో, అంటే ఆంప్ తన హద్దు దాటి సిగ్నల్ తల తెగినప్పుడు, ముందు కాలేది ట్వీటరే.

వైర్లచిక్కు:
సబ్ టీవీ గోడ మధ్యకి వచ్చింది, ఫేజ్ 180, ప్లగ్గులన్నీ ఒకే బోర్డులోకి వచ్చాయి. హమ్ లేదు, తొప్పి దెబ్బ తిరిగొచ్చింది. యూమిక్-1 మైకుతో, రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్‌లో సోఫా దగ్గర కొలిస్తే 57 దగ్గర ఇంకా 6 డీబీ దిబ్బ ఉంది, 140 దగ్గర పెద్ద గొయ్యి. స్పీకర్ల ముందు భాగం గోడకి రెండడుగుల దూరంలో ఉంది. ఈక్వలైజర్‌తో దిబ్బ తగ్గించి, గొయ్యి పూడ్చెయ్యొచ్చా?

చెవులపిల్లి:
దిబ్బని కొట్టండి, గొయ్యి జోలికి పోవద్దు. మీది విండోస్ అయితే ఈక్వలైజర్ ఏపీఓ సాఫ్ట్‌వేర్ వేసి, 57 హెర్ట్జ్ దగ్గర మైనస్ 6 డీబీ, క్యూ (కోత ఎంత ఇరుకో చెప్పే అంకె) 5తో మొదలుపెట్టి మళ్లీ కొలవండి. 140 గొయ్యి స్పీకర్ల వెనకున్న గోడనుంచి తిరిగొచ్చిన శబ్దం అసలు శబ్దాన్ని కొట్టేయడం వల్ల వచ్చింది. 283ని అడుగుల్లో దూరంతో భాగించండి: 283 బై 2, 141. మీరు 10 డీబీ పెంచితే ఆంప్ మీద పదింతల బరువు పడుతుంది, గోడనుంచి వచ్చేదీ అంతే పెరుగుతుంది, గొయ్యి గొయ్యిలాగే ఉంటుంది.

స్పీకర్లని ఇంకా ముందుకి లాగాలి.

పెద్దవూఫర్:
ఇక్కడ ఒప్పుకోను. మూడడుగులకి లాగితే గొయ్యి 94కి దిగుతుంది, అది ఇంకా చెడ్డచోటు. ఇంత చిన్న గదిలో వెనక్కి తొయ్యడమే మేలు. ముందు భాగం గోడకి ఒక్క అడుగులో ఉండేలా పెడితే గొయ్యి 283కి ఎక్కుతుంది. అక్కడ 4 అంగుళాల రాక్‌వూల్ (రాతి ఉన్ని) స్లాబు (ఘనపు మీటరుకి 48 కేజీల డెన్సిటీ) పని చేస్తుంది. 57 దగ్గర అదే స్లాబు ఎందుకూ పనికిరాదు. స్లాబుల్ని గాలి ఆడే కాటన్ గుడ్డలో చుట్టి స్పీకర్ల వెనక నిలబెట్టండి. కోసేటప్పుడు గ్లవ్స్, మాస్కు తప్పనిసరి, ఒళ్లంతా దురద పెడుతుంది. స్పీకర్ వెనక పోర్ట్ (గాలి వచ్చిపోయే రంధ్రం) ఉంటే అది మూసుకుపోకుండా కాస్త ఖాళీ వదలండి. గోడ దగ్గరకి జరపడంతో పెరిగే బేస్‌ని ఈక్వలైజర్‌లో రెండు మూడు డీబీ కోస్తే సరి.

వైర్లచిక్కు:
జరిపాను, గొయ్యి నిజంగానే పైకెక్కింది. ఇప్పుడు 65–70 మధ్య ఏదో గరగరలాడుతోంది. వూఫర్ పోయిందా?

టంకంపని:
వూఫర్ అనుకునేముందు 30 నుంచి 120 హెర్ట్జ్ దాకా మెల్లగా స్వీప్ వేస్తూ, గరగర వచ్చిన చోట ఆపి, గదిలో ఒక్కో వస్తువు మీద చెయ్యి పెట్టి చూడండి. కిటికీ అద్దం, ఫ్యాన్ రాడ్ మీది కప్పు, గోడ గడియారం. స్టీలు బీరువా ఉంటే దాంతోనే మొదలుపెట్టండి. తలుపుకి వేలాడే తాళంచెవుల గుత్తి తీసి మళ్లీ స్వీప్ వెయ్యండి.