ఇంటి దగ్గర కారును పైకెత్తి కింద బిగుసుకుపోయిన బోల్టులు విప్పాలంటే జాకీ ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న: బైరాగిపట్టెడ వాసి, తిరుపతి

అందరికీ నమస్కారం. మా ఇంట్లో పదేళ్లు దాటిన చిన్న డీజిల్ కారు ఒకటి ఉంది. స్పీడ్ బ్రేకర్ దాటిన ప్రతిసారీ ముందు ఎడమ చక్రం వైపు నుంచి టకటకమని శబ్దం వస్తోంది. తెలిసిన మెకానిక్ చూసి, స్టెబిలైజర్ (మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే కడ్డీ) లింకు రాడ్లు అరిగిపోయాయని, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కారు చట్రానికి కలిపే కింది చేయి) బుష్షుల రబ్బరు కూడా చీలిందని చెప్పారు. సామాను ఆటోనగర్‌లో కొని తెచ్చుకున్నాను. ఈ పనిని సొంతంగా నేర్చుకుని చేయాలని నా కోరిక.

ఇబ్బంది ఎక్కడ వచ్చిందంటే, డిక్కీలో ఉన్న స్క్రూ జాకీతో కారు ఎత్తి, చక్రం విప్పి, లింకు నట్టుకు పానా వేస్తే అది ఏమాత్రం కదలలేదు. పానాకు ఇనుప పైపు తొడిగి లాగినప్పుడు నట్టు తిరగడానికి బదులు కారే జాకీ మీద అటూ ఇటూ ఊగింది. వెంటనే చక్రం మళ్లీ బిగించి కారు కిందికి దించేశాను. మా పోర్టికోలో పార్కింగ్ టైల్స్ పరిచి ఉన్నాయి, వాననీరు పోవడానికి గేటు వైపు కొంత వాలు కూడా ఇచ్చారు. మా మామయ్య గారు ఇల్లు కట్టగా మిగిలిన సిమెంటు సాలిడ్ బ్లాకులు పేర్చి వాటి మీద కారు నిలబెట్టుకోమంటున్నారు. అది క్షేమమేనా? లోయర్ ఆర్మ్ బోల్టుల కోసం ఎలాగూ కారు కిందికి దూరక తప్పదు కాబట్టి ముందుగానే అడుగుతున్నాను.

జవాబు: గ్రీమ్స్‌పేట, చిత్తూరు (వర్క్‌షాపు అనుభవం ఉన్నవారు)

సోదరా, కారు ఊగగానే ఆపేయడం మంచి పని. ముందుగా మామయ్య గారి సలహా సంగతి చెబుతాను, ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువ ప్రమాదం అందులోనే ఉంది. సాలిడ్ బ్లాకు గోడలో ఉన్నప్పుడు బరువు దాని పై ముఖమంతటా సమానంగా పడుతుంది కాబట్టి ఎంతో మోస్తుంది. కారు డోరు కింద ఉండే సన్నని రేకు అంచు అదే బ్లాకు మీద ఒక గీతలా ఆనితే భారమంతా ఆ గీత మీదే పడి, ముందుగా వంగడం, మూలగడం లాంటి హెచ్చరిక ఏదీ లేకుండా బ్లాకు ఒక్కసారిగా పగిలిపోతుంది. ఇటుకలకూ ఇదే వర్తిస్తుంది. పెద్దలు చూసి ఉంటారు, ‘మేము పెట్టాం, ఏమీ కాలేదు’ అంటారు. వారితో వాదించకుండా ఒక జత జాకీ స్టాండులు కొనుక్కోండి.

డిక్కీలో ఇచ్చే జాకీ పంక్చరైన చక్రం మార్చడానికి మాత్రమే. దాని పాదం అరచేయంత ఉంటుంది, పక్కకు తోస్తే తట్టుకునే శక్తి దానికి దాదాపు లేదు. హైడ్రాలిక్ ట్రాలీ జాకీ దానికంటే ఎంతో మేలే గాని, అందులోనూ బరువును ఆపుతున్నది లోపలి నూనె, రబ్బరు సీళ్లు మాత్రమే. సీలు కారితే కారు దిగిపోతుంది. కాబట్టి ఏ జాకీ అయినా ఎత్తడానికే, నిలబెట్టడానికి స్టాండులే. జాకీ మీద మాత్రమే ఉన్న కారు కిందికి చేయి కూడా పెట్టవద్దు.

స్టాండు కొనేటప్పుడు ఒకటి గమనించండి. పెట్టె మీద 2 టన్నులు, 3 టన్నులు అని రాసింది కొన్నిచోట్ల ఒక్కో స్టాండుకు, కొన్నిచోట్ల జతకు. చిన్న కారు మొత్తం బరువే సుమారు 1,000 కిలోలు కాబట్టి మీకు రెండూ సరిపోతాయి, అయినా 3 టన్నులవే తీసుకుంటే పాదం వెడల్పుగా ఉండి నిలకడ ఎక్కువగా ఉంటుంది. దంతాల మీద ఆగే రకం కంటే, రంధ్రాల గుండా అడ్డంగా ఇనుప పిన్ను దూర్చే రకం నాకు నచ్చుతుంది. 2020లో అమెరికాలో 3 టన్నుల, 6 టన్నుల దంతాల స్టాండులను పెద్ద సంఖ్యలో వెనక్కి పిలిపించారు, కారణం ఆపే పళ్లు దంతాల్లో పూర్తిగా కూర్చోకపోవడమే. దంతాల రకం దొరికితే దానికి అదనపు లాకింగ్ పిన్ను ఉన్నదే తీసుకోండి.

మీ పోర్టికో గురించి. వాలు ఎంత ఉందో లెవల్ మట్టంతో చూడండి; బుడగ గీతలు దాటి బయటికి పోతే అక్కడ పని పెట్టుకోవద్దు, గేటు దగ్గర కంటే ఇంటి గోడ వైపు సాధారణంగా వాలు తక్కువగా ఉంటుంది. పార్కింగ్ టైల్స్ కింద సిమెంటు సరిగా నిండకుండా గుల్లగా ఉన్నచోట స్టాండు పాదం పడితే టైలు కుంగిపోతుంది. చేతి వేళ్ల కణుపులతో తట్టి చూడండి, గుల్ల శబ్దం వచ్చిన చోటు వదిలేసి, స్టాండు పాదం కంటే పెద్దదైన మందపాటి ప్లైవుడ్ ముక్క వేసి దాని మీద స్టాండు పెట్టండి. మన చిత్తూరు వైపు పోర్టికోల్లో నున్నటి గ్రానైటు పరుస్తారు, దాని మీద నీరో నూనో పడితే ట్రాలీ జాకీ జారిపోతుంది. తారు రోడ్డు మీదైతే మండుటెండల్లో తారు మెత్తబడి పాదం లోపలికి దిగుతుంది.

ఇక హ్యాండ్‌బ్రేకు. చాలా చిన్న కార్లలో అది వెనుక చక్రాలనే పట్టుకుంటుంది. ముందు భాగం ఎత్తినప్పుడు అది పనిచేస్తుంది గాని గేరులో వేసి వదిలేయడం వల్ల ఏ ఉపయోగమూ లేదు, ఎందుకంటే ఇంజను తిప్పేది గాలిలో ఉన్న ముందు చక్రాలనే. వెనుక భాగం ఎత్తితే దీనికి సరిగ్గా తారుమారు: హ్యాండ్‌బ్రేకు దండగ, గేరే ఆధారం. రెండు సందర్భాల్లోనూ నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనుకా కోసిన చెక్క దిమ్మలు అడ్డు పెట్టాలి. గుండ్రటి రాయి అడ్డుగా పెట్టడం పెట్టకపోవడం ఒకటే.

అసలు విషయానికి వస్తాను. ఇలాంటి పనిలో కారును పడేసేది దాని బరువు కంటే మన లాగుడే. అరవై సెంటీమీటర్ల పైపు చివర 40 కిలోల బలంతో లాగితే నట్టు మీద సుమారు 235 న్యూటన్ మీటర్ల మెలిక పడుతుంది. ఆయిల్ చాంబర్ డ్రెయిన్ బోల్టు లాంటివి 30, 40 న్యూటన్ మీటర్లతోనే బిగిస్తారని గుర్తు చేసుకుంటే అది ఎంత ఎక్కువో తెలుస్తుంది. అయితే ఆ 40 కిలోలు నట్టుతో ఆగవు, కారు మొత్తాన్నీ అదే దిశలో లాగుతాయి. కాబట్టి లాగే దిశను ఎంచుకోవాలి. నట్టు పక్కకు చూస్తూ ఉంటే, అంటే లింకు రాడ్డు నట్టులా ఉంటే, పానాను అడ్డంగా ఉండేలా తొడిగి చివరను కిందికి నొక్కే వీలు చూసుకోండి. అప్పుడు మీ బలం స్టాండుల మీద బరువుగా పడుతుందే తప్ప వాటిని పక్కకు తోయదు. బోల్టు తల నేల వైపు చూస్తూ ఉంటే లాగుడు అడ్డంగానే ఉండక తప్పదు. అక్కడ ఒక కిటుకు ఉంది: ఒక చేత్తో కారు సబ్‌ఫ్రేమునే (లోయర్ ఆర్ములు బిగించి ఉండే కింది ఇనుప చట్రం) గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో పానాను ఆ చేతి వైపుకు దగ్గరగా పిండండి. రెండు బలాలూ కారులోనే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, స్టాండుకు ఏమీ తెలియదు. ఏదైనా సరే, కుదుపుతో గుంజవద్దు.

ఇంకో మాట, మీకు చాలా పని తగ్గేది. లింకు రాడ్డు పై చివరి నట్టు వదులు చేయడానికి కారు ఎత్తనే అక్కరలేదు. కారు నాలుగు చక్రాల మీద సమంగా ఉండగానే స్టీరింగు ఒక వైపు పూర్తిగా తిప్పితే చాలా కార్లలో లింకు పై నట్టు చక్రం వెనుక నుంచి అందుతుంది. ఒక వైపే ఎత్తినప్పుడు స్టెబిలైజర్ కడ్డీ మెలిపడి లింకును లాగి పట్టుకుంటుంది, నట్టు రాకపోవడానికి అదీ ఒక కారణం. పై నట్టును నేల మీదే వదులు చేసుకుని, ఆ తర్వాత రెండు ముందు చక్రాలూ సమానంగా ఎత్తి మిగతా పని చేసుకోండి. నట్టుతో పాటు లింకు కడ్డీ కూడా గిర్రున తిరుగుతుంటే, చాలా లింకుల్లో కడ్డీ చివర ఆరు మూలల గుంత ఉంటుంది, అందులో అలెన్ కీ పెట్టి ఆపి పానాతో తిప్పాలి.

జవాబు: తిరుచానూరు రోడ్డు

పై జవాబుతో ఏకీభవిస్తూనే ఒక మాట. ఇంత ఏర్పాటు ఒక్క పని కోసమే అయితే, వాటర్ సర్వీసింగ్ చేసే వారి దగ్గర హైడ్రాలిక్ లిఫ్టు ఉంటుంది, ఉదయం రద్దీ లేని వేళ అడిగితే కొందరు కొంత సొమ్ము తీసుకుని వాడుకోనిస్తారు. అదీ కాకపోతే పాతకాలం షెడ్లలో ఉన్నట్లు గుంత ఉన్న చోటికి తీసుకెళ్లండి. గుంతలో పనికి కారు ఎత్తే అవసరమే లేదు, పడే భయం అసలే లేదు.

జవాబు: గ్రీమ్స్‌పేట, చిత్తూరు

లిఫ్టు సంగతి సరే. గుంతకు మాత్రం నేను ఒప్పుకోను, కనీసం పెట్రోలు కార్లకు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది, గుంతలో చేరి నిలిచిపోతుంది. చేతిలోని దీపపు బల్బు పగిలినా, వైరు ఒకటి తాకినా అంటుకుంటుంది. ఇంజను నడుస్తుంటే పొగ కూడా అక్కడే పోగవుతుంది. ఈ కారు డీజిల్‌ది కాబట్టి భయం తక్కువే గాని, దాన్ని అలవాటు చేసుకోకూడదు.

ప్రశ్న అడిగినవారు

గురువు గారూ, మీరు చెప్పినట్లే స్టీరింగు తిప్పి నేల మీదే ప్రయత్నించాను, కుడి వైపు పై నట్టు వచ్చేసింది. ఎడమ వైపుది మాత్రం తుప్పు పట్టి మొండికేసింది, పైగా రెండు వైపులా తెరిచి ఉండే పానాతో తిప్పబోతే తల మూలలు కొద్దిగా అరిగినట్లు కనిపిస్తోంది. గ్యాసు మంటతో వేడి చేయవచ్చా? స్టాండులు రెండూ తెచ్చాను. ఎక్కడ పెట్టాలో, పెట్టాక కిందికి దూరే ముందు ఏం చూసుకోవాలో కూడా చెప్పగలరు.

జవాబు: రేణిగుంట

తుప్పు గురించి నేను చెబుతాను, మా షెడ్డులో రోజూ ఇదే గొడవ. మంట వద్దు. లింకు చివర గోళం చుట్టూ రబ్బరు బూటు, పక్కనే బ్రేకు గొట్టం ఉంటాయి. ముందుగా బయటికి కనిపించే మరలను వైరు బ్రష్షుతో శుభ్రంగా రుద్ది, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, రాత్రంతా వదిలేయండి; డబ్ల్యూడీ 40 అయినా పర్వాలేదు. పడుకునే ముందు ఒకసారి, పొద్దున్నే ఒకసారి కొడితే ఇంకా మేలు. మర్నాడు నట్టు పక్క ముఖం మీద చిన్న సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే తుప్పు పొర పగిలి నూనె లోపలికి దిగుతుంది. తెరిచి ఉండే పానా రెండు ముఖాలనే పట్టుకుంటుంది కాబట్టి ఇక దాని జోలికి వెళ్లవద్దు. ఆరు మూలల సాకెట్టు తీసుకోండి, పన్నెండు మూలలది కాదు. మొదట బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పి, ఆ తర్వాత విప్పండి. కదలడం మొదలయ్యాక ఒక్కసారిగా విప్పేయకుండా పావు చుట్టు ముందుకు, కొంచెం వెనక్కి తిప్పుతూ మధ్యలో నూనె వేస్తే మర చెడదు. బ్యాటరీతో నడిచే ఇంపాక్ట్ రెంచి అద్దెకు దొరికితే తప్పకుండా వాడండి, అది చిన్న చిన్న దెబ్బలతో తిప్పుతుంది కాబట్టి కారును పక్కకు లాగదు. అయితే కడ్డీ నట్టుతో పాటు తిరిగిపోతుంటే ఇంపాక్ట్ కూడా ఏమీ చేయలేదు. ఆఖరికి రంపంతో నట్టు కోసేయడమే. ఎలాగూ కొత్త లింకు వేస్తున్నారు కదా, దాని మీద జాలి అనవసరం.

కారు కింద వెల్లకిలా పడుకుని నేల వైపు చూసే బోల్టును తిప్పేటప్పుడు ఏ వైపు విప్పడమో చాలామంది తికమకపడి బిగించేస్తారు. బోల్టు తల మీ ముఖానికి ఎదురుగా ఉన్నప్పుడు గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిప్పడమే విప్పడం, మీరు ఎటు తిరిగి పడుకున్నా సరే.

జవాబు: గ్రీమ్స్‌పేట, చిత్తూరు

స్టాండు చోటు మీ కారు యజమాని పుస్తకంలో బొమ్మ వేసి ఉంటుంది, సాధారణంగా డోరు కింద అంచులో రెండు చిన్న గాట్ల మధ్య చోటు. ఆయిల్ చాంబరు కిందగాని, గేరు పెట్టె కిందగాని, లోయర్ ఆర్మ్ కిందగాని పెట్టవద్దు. విప్పబోయేది ఆ ఆర్మునే కదా. అంచు వంగకుండా గాడి ఉన్న రబ్బరు ముక్క స్టాండు మీద వేయండి. చక్రాల నట్లు కారు నేల మీద ఉండగానే ఒక్క చుట్టు వదులు చేసుకోవాలి. ఎత్తు మీకు పని చేసుకునే చోటు వచ్చేంత వరకే. స్టాండు ఎంత పొడవుగా లాగితే అంత నిలకడ తగ్గుతుంది. రెండు వైపులా ఒకే రంధ్రంలో పిన్ను ఉందో లేదో చూసి, జాకీని నెమ్మదిగా దించి బరువంతా స్టాండుల మీదికి వదలండి. ఆ తర్వాత జాకీని తీసేయకుండా, సబ్‌ఫ్రేముకు కాస్త తగిలేలా ఆనించి ఉంచండి. విప్పిన చక్రాలను డోరు అంచు కింద పడుకోబెట్టి లోపలికి తోయండి. ఏదైనా జారినా కారు ఆ చక్రం మందం మీద ఆగుతుంది, మనిషికి ఊపిరి తీసుకునే చోటు మిగులుతుంది.

కిందికి దూరే ముందు బయట నిలబడే కారు పక్కను భుజంతో బలంగా తోయండి, ముందూ వెనుకా కూడా. మీరు పానాతో పెట్టబోయే బలం కంటే ఎక్కువగానే తోయాలి. పడేదైతే మీరు బయట ఉన్నప్పుడే పడాలి. ఇంట్లో ఒకరికి చెప్పి, పిల్లలు అటు రాకుండా చూసి, మనిషి ఒకరు పిలిస్తే పలికే దూరంలో ఉండగానే దూరండి.

లోయర్ ఆర్మ్ విషయంలో షెడ్లలో కూడా తరచు తప్పుతున్న ఒక సంగతి ఉంది. చక్రాలు వేలాడుతుండగా ఆర్ము బుష్షు బోల్టులు పూర్తిగా బిగిస్తే, లోపలి రబ్బరు ఆ స్థితిలోనే అతుక్కుపోతుంది. కారు నేల మీదికి దిగగానే ఆర్ము పైకి లేచి రబ్బరు ఎప్పటికీ మెలిపడి ఉంటుంది, కొన్నాళ్లకే చీలిపోతుంది. గాలిలో ఉన్నప్పుడు బోల్టులు చేతితో ఆనించి ఉంచి, కారు బరువు చక్రాల మీద పడ్డాక పుస్తకంలో చెప్పిన టార్కుతో (మెలిక బలంతో) బిగించాలి. దీనికి ముందు చక్రాలు ఎక్కించే ఇనుప ర్యాంపులు చక్కగా పనికొస్తాయి, టైల్స్ మీద జారకుండా వాటి కింద రబ్బరు చాప వేసి, ముందు ఒక మనిషిని నిలబెట్టి కాకుండా పక్కన నిలబెట్టి దారి చెప్పించుకుని ఎక్కించండి. నైలాను వలయం ఉన్న నట్లు విప్పాక మళ్లీ వాడవద్దు, కొత్తవి వేయండి.

ఆర్ము మార్చాక అలైన్‌మెంటు మారుతుంది. అది చేయించి, వంద కిలోమీటర్ల లోపు నట్లన్నీ మరోసారి టార్కు రెంచితో చూసుకునేదాకా అలిపిరి దాటి ఘాట్ రోడ్డు ఎక్కకండి.